గంట దాటితే

గంటలోపు ఆ తలుపు తెరుచుకుంటే మంచి కబురు, గంట దాటితే కాదు. డాక్టర్ కీర్తిప్రియ ఇంత మొరటుగా అనలేదు. “ముందు ఆ ఒక్క గ్రంథి తీసి వెంటనే కింద ల్యాబుకు పంపిస్తం టీచర్, అందుల ఏం లేదని ఫోనొస్తే కుట్లేసి గంటలోపే పిలుస్తం, గంట దాటిందంటే ఉన్నదని, చంకల గ్రంథులన్నీ తీస్తున్నమని అర్థం చేసుకోండి, మధ్యల వచ్చి చెప్పే వీలుండది” అంది. నాకు మాత్రం లోపు, దాటితే అనే రెండు మాటలే మిగిలాయి, పాఠమంతా విన్నాక పిల్లలకు ఒక్క ముక్క మిగిలినట్టు. తలుపు లేత ఆకుపచ్చది, రెండు రెక్కలకూ గుండ్రటి గాజుపలకలు, లోపలినుంచి తెల్ల కాగితం అతికించారు. సాకిబ్‌ను చక్రాల మంచం మీద తోసుకుపోతున్నప్పుడు అతను కుడిచెయ్యి దుప్పటి కిందే ఉంచుకుని ఎడమచెయ్యి ఊపాడు. చిటికెన వేలు పోయినప్పటినుంచి కుడిచేతిని మనుషుల ముందు పెట్టడు నా భర్త. లాడ్‌బజార్‌లో ఆడవాళ్ళ చేతులు పట్టుకుని లక్కగాజులు తొడిగిన మనిషి, చూపుతోనే కొలత చెప్పేవాడు, ఇప్పుడు దుకాణంలో గల్లా దగ్గర కూర్చుని తమ్ముడు ఉజైర్ తొడుగుతుంటే చూస్తాడు. నిన్న సాయంత్రం మా ముస్కాన్ అరచెయ్యి ఎడమచేత్తో నొక్కి చూసి, పెరిగినవు బేటీ, ఒక సైజు పెరిగినవు, అన్నాడు. అంటున్నప్పుడు అతని కుడిచెయ్యి జేబులోనే ఉంది, జేబులో కదిలింది, నేను చూశాను.

పక్కన మా అత్తగారు షౌకత్ బీ కాళ్ళు కుర్చీమీదికి మడుచుకుని తస్బీ పూసలు తిప్పుతోంది. ఆమెకు ఈ గంట సంగతి తెలియదు. అమ్మీకి చెప్పకు అన్నాడు సాకిబ్, ఒక చిన్న గడ్డ తీస్తున్నరు అని చెప్పు చాలు. చెప్పాను. చిన్న గడ్డే కదా, శనగగింజంత, మొన్నామధ్య ఒక పొద్దున నా వేళ్ళు తీసుకుని తన చంకలో పెట్టి, చూడు ఎంత చిన్నగున్నదో అన్నాడు, నా వేలి కింద అది జారింది, జారింది కాబట్టి మంచిదే అనుకున్నాను, కదిలేది చెడ్డది కాదని ఎవరో ఎప్పుడో చెప్పినట్టు గుర్తు, కానీ డాక్టరమ్మ వేళ్ళ కింద జారినప్పుడు ఆమె మొహంలో ఏమీ మారలేదు. సూదితో తీసి పరీక్షించారు, తేలలేదు. అందుకే ఈ ఆపరేషన్. వాచీ చూడకూడదనుకున్నాను, తీసి సంచిలో వేశాను, అదేం పనికిరాలేదు. పద్దెనిమిదేళ్ళుగా బళ్ళో తెలుగు చెబుతున్నాను, పీరియడు ఎంత పొడుగో నా ఒంటికి తెలుసు. హాజరు పిలవడానికి పట్టేంత సేపు అయింది, పద్యం ఒకసారి చదివి ఒకసారి పిల్లలతో అనిపించేంత సేపు అయింది, ఇంట్లో ఉర్దూ మాట్లాడే నా క్లాసు పిల్లలు ణ దగ్గర నాలుక మడవలేక నవ్వుకునే చోటు కూడా దాటింది, ఇప్పుడు నల్లబల్ల మీద కఠిన పదాలు రాసే వేళ. గంట కొట్టకుండానే నా వెన్ను నాకు చెబుతూ పోతోంది. ఆపమంటే ఆగదు.

ఇందాక ఒకసారి తలుపు తెరుచుకుంది. నీలం గౌనులో ఆయమ్మ మూతపెట్టిన స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది, చిన్న గిన్నె, మా ఇంట్లో పెరుగు తోడువేసుకునేంత, మెట్లవైపు వెళ్ళిపోయింది. అత్తమ్మ చూడలేదు, చూసినా ఏమిటో తెలియదు. అది నా మోకాళ్ళ ముందునుంచి వెళ్ళింది. నా వేలి కింద జారింది అదే. దాన్ని గడ్డకట్టించి పలచగా కోసి అద్దం కింద పెట్టి చూస్తారట, ఆ చూసే మనిషి ఎవరో, పొద్దున ఏం తిని వచ్చాడో, కళ్ళజోడు తుడుచుకున్నాడో లేదో. తుడుచుకో నాయనా. మా ఊళ్ళో, నల్లగొండ పక్కన, దీన్ని బిళ్ళ కట్టడం అనేవాళ్ళు. కాలికి తుమ్మముల్లు దిగితే గజ్జల్లో బిళ్ళ కట్టేది, చేతికి దెబ్బ తగిలితే చంకలో కట్టేది, అమ్మ సున్నమూ బెల్లమూ నూరి పట్టు వేసేది, పుండు మానగానే బిళ్ళ కరిగిపోయేది. ఎవరూ భయపడేవారు కాదు. బిళ్ళ కట్టిందంటే కింద ఎక్కడో దెబ్బ ఉంది చూసుకో అని ఒళ్ళు చెప్పడం, అంతే. నేను కుంటుతూ బడికి పోతే పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ మాటలో ఇంత భయం ఎప్పుడు చేరింది? సైన్సు పుస్తకంలో శోషరస గ్రంథులని ఉంటుంది, కావలివాళ్ళలా సూక్ష్మజీవులను ఆపుతాయని, పక్క క్లాసులో సైన్సు సారు గొంతు వినిపించేది, ఆపుతాయి, ఆపుతాయి అని పిల్లలు అనేవాళ్ళు. ఆపిందా? ఆపి అక్కడే పట్టి ఉంచిందా, లేక కావలివాడి ఇంట్లోనే దొంగ కాపురం పెట్టాడా? స్ప్రెడ్ అంటుంది డాక్టరమ్మ. నేను దానికి తెలుగు వెతుక్కుంటాను, వేరే పని లేనట్టు. వ్యాపించడం అంటే పరిమళాలకూ రాజ్యాలకూ వాడతాం. పాకడం అంటే బీరతీగ. చేరడం. చేరడం అన్నప్పుడు ఎక్కువ భయం వేసింది, చేరినవాళ్ళు ఉండిపోతారు కనక.

లక్కపని చేసే ఇంట్లో వేలిమీద పుండును ఎవరూ పుండనుకోరు. బొగ్గుల కుంపటి మీద ఇనపరేకు, దానిమీద లక్కను చెక్కతో దొర్లించి తాడులా సాగదీసి, వంచి, ఆరకముందే ఒక్కొక్క రాయీ వేలితో అద్దాలి. ఆ ఇంట్లో అందరి వేళ్ళకూ మచ్చలే, నేను కోడలిగా వచ్చిన కొత్తలో నా వేళ్ళు నునుపుగా ఉన్నాయని అత్తమ్మ పట్టుకుని చూసి, ఇవి చేతులా, మైనం బత్తులా దుల్హన్, అని నవ్వింది. ఆ ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. చర్మానికి లక్క అంటుకుంటే పీకకూడదు. పీకితే చర్మం ఊడి వస్తుంది, వదిలేస్తే దానంతటదే రాలుతుంది. మా మామగారు రజాక్ గారి బొటనవేలిలోంచి అలాగే నల్లటి పలుకు ఒకటి ఊడిపడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకని సాకిబ్ అరచేతిలో, చిటికెన వేలి మొదట్లో గట్టిగా గింజలాంటిది తగిలినప్పుడు అత్తమ్మ బొటనవేలితో నొక్కి, లోపల లక్క పోయింది, రాలుతది, అంది. అందరం ఒప్పుకున్నాం. రంజాన్ ముందు లాడ్‌బజార్‌లో నిలబడే చోటుండదు, ఆ తర్వాత పెళ్ళిళ్ళు. ఆమె సాయంత్రాలు ఆముదం వెచ్చచేసి కొడుకు అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని రుద్దేది, అతను కళ్ళు మూసుకుని, ఇంతమంది తొడిగించుకున్న చెయ్యిది అమ్మీ, దీనికి నజర్ తగిలింది, అనేవాడు. గింజ పగిలింది, అంచులు గట్టిపడ్డాయి, మానలేదు. ధూల్‌పేట్ దగ్గర ఒక చర్మం డాక్టరు పులిపిరి అని మందు రాశాడు. లక్క రాలుతుందనే ఎదురుచూశాం. పరీక్షకని చిన్న ముక్క కోసి పంపినప్పుడు కూడా లక్కే వస్తుందనుకున్నాడు సాకిబ్, నవ్వుతూ సంతకం పెట్టాడు.

ఎపితీలియాయిడ్ సార్కోమా. ఆ పేరు ఒకసారి పలికి మళ్ళీ పలకలేదు నేను. చిటికెన వేలు దానికే తీసేశారు. కీర్తిప్రియ బల్ల అవతల కూర్చుని తన చేతిమీదే వేలితో గీసి చూపించింది, అరచేతినుంచి మోచేతి లోపలి వంపుకు, అక్కడినుంచి చంకకు. “కండ, కొవ్వు, నరం, కీలు చుట్టు ఉండే మెత్తటి భాగాలల్ల పుట్టే క్యాన్సర్లివి. ఎక్కువశాతం గ్రంథుల జోలికి పోవు, రక్తంల పడి ఊపిరితిత్తులకు పోతయి. కొన్ని రకాలు మాత్రం గ్రంథుల దారి పడతయి. ఇది అసొంటి రకం.” సాకిబ్ నావైపు తిరిగి, “చూసినవా, దీనికి గూడ దారి తెలుసు, మన హుస్సేనీ ఆలం గల్లీలు ఆటోవాళ్ళకు తెల్వయి” అన్నాడు. డాక్టరమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. ఆ వెంటనే అతను అడిగాడు, “గ్రంథిల ఉంటే ఎంత, డాక్టర్ సాబ్? సాఫ్ చెప్పుండ్రి, నేను దుకాణందార్‌ను, నాకు మాటలు తిప్పొద్దు.” ఆమె పెన్ను మూత పెట్టింది. “గ్రంథిల లేనోళ్ళల్ల చానామంది ఏండ్లకేండ్లు మంచిగుంటరు. ఉన్నోళ్ళల్ల అంతమంది ఉండరు. అది నేను దాచను. కానీ ఊపిరితిత్తులు సాఫ్ ఉండి, గ్రంథుల దగ్గర్నే దొరికి, మొత్తం తీసేస్తే బతికి పని చేసుకుంటున్నోళ్ళు ఉన్నరు. ఊపిరితిత్తులకు పోయినోళ్ళతోని వాళ్ళను నేను కలపను.” అతని ఊపిరితిత్తులు శుభ్రం. స్కానింగు చూశారు. ఆ వాక్యంలో నేను వినవలసింది రెండో సగం, నాకు మొదటి సగమే వినిపిస్తుంది, అంతమంది ఉండరు, అంతమంది ఉండరు, హాజరు పట్టీలో పేరు పిలిస్తే జవాబు రాని పిల్లల్లాగా. నేను తల ఎత్తి చూస్తాను. ఉన్నవాళ్ళు ఒకరిద్దరు చేతులు ఎత్తుతారు. అతను ఎటువైపు బెంచీలో కూర్చున్నాడో నాకు కనపడదు.

లోపల ఫోన్ మోగింది.

నాకు వినిపించింది, రెండుసార్లు, ఆ తెల్ల కాగితాల వెనక. ఎవరో ఎత్తారు. ఆపైన ఏమీ వినపడలేదు. కిందినుంచి చెప్పేశారన్నమాట, ఇప్పుడు ఆ గదిలో ముసుగులు వేసుకున్నవాళ్ళందరికీ తెలుసు, సూదీ దారం పట్టుకున్న పిల్లకు కూడా తెలుసు, నాకూ అతనికీ తెలియదు, అతను నిద్రలో ఉన్నాడు, నేను మేలుకుని ఉన్నాను, తేడా ఏముంది. లేదా ఆ ఫోన్ వేరే దేనికో. క్యాంటీన్ నుంచేమో. కుట్లు వేయడానికి ఎంతసేపు, మా ముస్కాన్ గౌను అంచు కుట్టేంత సేపే కదా. కుట్టండి. కుట్టి పిలవండి. సాకిబ్ తాలూకు అని పిలవండి, నేను లేచి నిలబడడానికి సిద్ధంగా ఉన్నాను, చెప్పులు కూడా తొడుక్కునే ఉన్నాను.

ఎదురు కుర్చీలో గళ్ళ చొక్కా ఆయన మమ్మల్ని చాలాసేపటినుంచి చూస్తున్నాడు, మాట కలపకుండా ఉండలేని మనిషి. పేరు ఓదెలు అట, వాళ్ళన్న ఎల్లయ్యకు ఆ పక్క గదిలో ఆపరేషన్ అవుతోంది. “మీది ఏడ గడ్డనమ్మా?” అన్నాడు.

“చెయ్యి” అన్నాను.

“మాది తొడ. మా అన్న గోదాముల బస్తాలు మోసుడు పని. తొడల గడ్డ లేస్తే కండ అనుకున్నడు. ‘సూడురా ఓదెలూ, నీకు పొట్ట పెరుగుతుంది, నాకు కండ పెరుగుతుంది’ అని పంచె ఎత్తి మరీ సూపిచ్చేటోడు గల్లీ అంతట. మా వదిన సిగ్గుతోని సచ్చేది.”

అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “మర్దోళ్ళంతే భయ్యా. మా వాడు ముల్లు గుచ్చుకుంటే మొహల్లా లేపుతడు, గిది మాత్రం దాచుకున్నడు.”

“లోపల మనోళ్ళు ఏసీల సల్లగ పండుకున్నరు, గీడ మనం ఉడుకుతున్నం. ఎవరికమ్మా ఆపరేషను?” అని అతను అంటుండగానే పక్క తలుపులోంచి ఎల్లయ్య తాలూకు అని పిలిచారు. వెళ్ళాడు. వచ్చినప్పుడు మొహం మెరుస్తోంది. “అయిపోయిందంట! గడ్డ మొత్తం వచ్చిందంట, గిన్నెల పెట్టి సూపిచ్చిన్రు, మామిడికాయంత ఉన్నది. పోతున్న అమ్మా, మా వదినకు ఫోన్ జెయ్యాలె. మీది గూడ జల్దే అయితది, ఫికర్ పెట్టుకోకుండ్రి.” మెట్లు రెండేసి దిగుతూ పోయాడు, ఆ వయసులో. జల్దీ అవుతుందని అతను దీవించి పోయాడు, నేను ఆ మాట పట్టుకున్నాను, జల్దీ, జల్దీ. అత్తమ్మ అతను పోయినవైపు చూస్తూ తల ఊపింది.

“పాపం” అంది.

“ఎందుకు అమ్మీ?”

“గింత జల్దీ చేసి పంపిచ్చిన్రు కదా. ఎట్ల చేసిన్రో ఏమో. మన సాకిబ్‌ది చూడు, తీరుబాటుగ చేస్తున్నరు. ఆ డాక్టరమ్మ చేతులు చూసిన నేను, పనిమంతురాలి చేతులవి. తొందరపడే మనిషి కాదు.” నేను సంచి ఒళ్ళోకి లాక్కున్నాను. “నీకు గంట కొడితే పాఠం అయిపోవాలె. పని గట్ల గంటకు ఆగుతదా?” అని నా మోచేతిని పొడిచింది, బుజ్జగింపుగా. ఆమె తస్బీ పూసలు కదులుతున్నాయి, ఒక్కో పూసకూ ఆమె కొడుకు ఆమె లెక్కలో ఇంకొంచెం బాగుపడుతున్నాడు, నా లెక్కలో ఇంకొంచెం దూరం పోతున్నాడు. ఒకే తలుపు. ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

కిటికీలోంచి కంచన్‌బాగ్ రోడ్డు కనపడుతుంది, పొడుగాటి ప్రహరీ, దానిమీద ముళ్ళతీగ, లోపల ఏవో పరిశోధనాలయాల చెట్లు, అంత పచ్చని చెట్ల కింద మనుషులు నడవగా ఎప్పుడూ చూడలేదు. బస్సు ఒకటి ఆగి కదిలింది. బళ్ళో ఇప్పుడు పీరియడు అయిపోయి ఉంటుంది, పిల్లలు లొల్లి చేస్తూ ఉంటారు, రెండో పీరియడులో కొంత గడిచి ఉంటుంది. వద్దు. నా వెన్ను చెప్పేది నేను విననక్కర్లేదు. నీళ్ళు తాగాను. గల్లా దగ్గర అతను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ, దానిమీద ముస్కాన్ గీసిన పువ్వు. ఇంకా పెళ్ళికాని రోజుల్లో నేను అక్కకోసం గాజులు కొనడానికి వచ్చి ఆ దుకాణంలో నిలబడితే నా చెయ్యి ముట్టుకోకుండానే కొలత చెప్పినవాడు, తొడిగాక సరిపోయాయని నేనంటే సరిపోకుంటే నా పేరు మార్చుకుంట అన్నాడు. తడిబట్ట వాసన వస్తోంది, ఫినాయిల్. అతని ఒంటికి ఎప్పుడూ బొగ్గూ లక్కా కలిసిన వాసన, పొద్దున స్నానం చేయించి ఆసుపత్రి గౌను వేశాక ఆ వాసన లేదు, మంచం పక్కన వంగినప్పుడు వేరే మనిషి దగ్గర వంగినట్టు ఉలిక్కిపడ్డాను. గంట దాటింది. నాకు తెలుసు. దాటి చాలాసేపయింది, ఓదెలు దిగిపోకముందే దాటింది, ఇంతసేపూ నేను బస్సులూ చెట్లూ చూస్తున్నది అందుకే. ఉంది. చేరింది. చేరి ఉంది.

నేను ఏడవలేదు. అతని చంక లోపల ఇప్పుడు డాక్టరమ్మ చేతులున్నాయి. కీర్తిప్రియ చెప్పింది, అక్కడ చేతికి పోయే పెద్ద రక్తనాళం ఉంటుంది, భుజాన్ని ఎత్తే నరం ఉంటుంది, వాటిని తప్పించుకుంటూ కొవ్వులోంచి గ్రంథులను ఒక్కొక్కటీ విడదీయాలి, తొందర పనికిరాదు. ఒక్కటి వదిలినా. ఆ వాక్యం ఆమె పూర్తి చేయలేదు. ఇప్పుడు తలుపు తెరుచుకుంటే? ఇప్పుడే, ఇంత త్వరగా, మాస్కు కిందికి లాగుతూ ఆమె బయటికి వస్తే? నాళానికి అతుక్కుంది, తీయలేకపోయాం, మూసేశాం. అలాగూ చెబుతారు. ఇంతసేపూ తెరుచుకో తెరుచుకో అని నేను చూపుతో నెట్టిన తలుపును ఇప్పుడు లోపలికే అదిమి పట్టుకున్నాను. తెరుచుకోకు. ఇంకా ఉండు. ఆమె చేతులు నొప్పిపెట్టకూడదు, ఆమెకు దాహం వేయకూడదు, ఎవరూ ఆమెను పిలవకూడదు. నేనూ అత్తమ్మా ఒకేవైపుకు వచ్చాం, ఆమె వచ్చిన దారి వేరు, నా దారి వేరు.

రెక్క కదిలింది. నేను లేచి నిలబడ్డాను, లేవకూడదనుకుంటూనే. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న నర్సు తల బయటికి పెట్టింది. “సాకిబ్ తాలూకు ఎవరు?”

“మేమే సిస్టర్.” నా గొంతు క్లాసులో గొంతులా ఉంది.

“ఇంక చానాసేపు పడ్తదంట. మేడం చెప్పమన్నరు. చాయ్ గీయ్ తాగి రాండ్రి.”

“షుకర్” అని అత్తమ్మ రెండు చేతులూ మొహానికి తుడుచుకుంది. “అన్లేనా దుల్హన్? తీరుబాటుగ చేస్తున్నరు.”

నర్సు రెక్క మూయబోతుంటే నేను చేత్తో ఆపాను. “సిస్టర్, మేడంకు చెప్పు. మాకేం తొందర లేదని చెప్పు. నిమ్మలంగ చెయ్యమను. ఒక్కటి గూడ ఇడ్సిపెట్టొద్దని చెప్పు.” ఆమె నావైపు చూసి, తల ఊపి, లోపలికి పోయింది. రెక్కలు కాసేపు ఊగి ఆగాయి. వెనక తస్బీ చప్పుడు లేదు. తిరిగి చూస్తే అత్తమ్మ పూసల మీద వేలు అలాగే పెట్టి నన్ను చూస్తోంది.

“ఒక్కటి గూడ అంటే ఏంది, దుల్హన్? ఒక చిన్న గడ్డ అన్నవు కదా.”

సాకిబ్‌కు ఇచ్చిన మాట గుర్తుంది నాకు. ఆమె పక్కన కూర్చున్నాను. కొడుకు అరచెయ్యి రుద్దిన ఆమె కుడిచెయ్యి తీసుకుని, మచ్చల వేళ్ళను నా చంక కింద పెట్టి, “ఇక్కడ, అమ్మీ” అన్నాను.